ఫెస్క్యూ గడ్డిలో ఫంగస్: పచ్చిక బతికింది, పశువు చిక్కింది

జూలై నెల మిట్టమధ్యాహ్నం అమెరికాలోని కెంటకీలోనో, మిస్సోరీలోనో కొన్ని పశువుల బీళ్ళు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మోకాలెత్తు పచ్చిక ఉంటుంది, మేసే పశువు మాత్రం కనిపించదు. నల్లటి ఆంగస్ జాతి కోడెలు చెరువులో పొట్ట దాకా నీళ్ళలో నిలబడి, నాలుకలు బయటపెట్టి, జొల్లు కారుస్తూ రొప్పుతుంటాయి. చలికాలంలో పెరిగిన బొచ్చు వేసవి సగం గడిచినా రాలి ఉండదు. ఎండకు మాడి ఆ నలుపు రాగి రంగుకు తిరిగి ఉంటుంది. వేరే రకం గడ్డి ఉన్న పక్క బీట్లో అదే ఈడు కోడెలు అదే ఎండలో మామూలుగా మేస్తుంటాయి.

చెరువులో నిలబడ్డ ఆ పశువులకు జ్వరమూ లేదు, పురుగూ పట్టలేదు. అవి తింటున్న గడ్డిలో, మొక్క కణాల మధ్య సందుల్లో ఒక ఫంగస్ ఉంది. అది తయారుచేసే ఆల్కలాయిడ్లనే రసాయనాలు పశువు రక్తనాళాలను బిగించేస్తాయి. బయటికి ఆ గడ్డి మీద మచ్చ ఉండదు, బూజు ఉండదు, వాసన ఉండదు. పైగా చుట్టుపక్కల అన్నిటికంటే నిగనిగలాడుతూ ఉండే గడ్డి అదే. రైతులూ శాస్త్రవేత్తలూ మూడు దశాబ్దాలకు పైగా అసలు కారణం పట్టుకోలేకపోవడానికి ఈ ఆరోగ్యంగా కనిపించడమే ముఖ్య కారణం.

ఆ గడ్డి పేరు టాల్ ఫెస్క్యూ. యూరప్ నుంచి అమెరికా చేరిన గడ్డి ఇది. 1931లో కెంటకీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ ఇ.ఎన్. ఫెర్గస్ జొన్న పానకం పోటీకి న్యాయనిర్ణేతగా మెనిఫీ కౌంటీ వెళ్ళారు. అక్కడొక కొండవాలు పొలంలో చలికాలంలో కూడా పచ్చగా ఉండే గడ్డి ఉందని విని, చూసి, గింజలు తెచ్చుకున్నారు. పన్నెండేళ్ళ పరీక్షల తర్వాత 1943లో అది ‘కెంటకీ 31’ పేరుతో విడుదలైంది. ఆ 31 అంటే గింజలు సేకరించిన సంవత్సరం. ఎండను తట్టుకుంది, తొక్కుడును తట్టుకుంది, సారం లేని ఎర్రమట్టిలోనూ పెరిగింది, వాలు నేలల్లో మట్టి కొట్టుకుపోకుండా పట్టుకుంది. రైతులు ఎగబడి చల్లారు. నేడు అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాల్లో ఈ గడ్డి ఉన్న నేల సుమారు 3.5 కోట్ల ఎకరాలు. తెలంగాణ రాష్ట్రం మొత్తం విస్తీర్ణం కంటే ఎక్కువ.

కానీ పశువులు మాత్రం అనుకున్నట్టు బరువు పెరగలేదు. గడ్డిని ప్రయోగశాలలో పరీక్షిస్తే మాంసకృత్తులు, జీర్ణమయ్యే శాతం అన్నీ బాగానే ఉన్నాయి. కాగితం మీద మంచి మేత, పశువు ఒంటి మీద చెడ్డ మేత. వేసవిలో రొప్పు, జొల్లు, గరుకు బొచ్చు. చలికాలంలో మరో ఘోరం కనిపించేది. వెనక కాలు కుంటడంతో మొదలై, డెక్క పైన చర్మం కలిసే చోట ఎర్రటి గీత పడి, ఆ కింది భాగమంతా చల్లబడి, చివరికి డెక్క ఊడి పడేది. తోక కుచ్చు, చెవి కొనలు ఎండి రాలేవి. దీన్ని ‘ఫెస్క్యూ ఫుట్’ అన్నారు. ఇలాంటి కేసు 1949లోనే న్యూజిలాండ్‌లో నమోదైంది. ఫంగస్ పట్టిన రై (గోధుమలాంటి ధాన్యం) గింజలు తిన్న మనుషులకు మధ్యయుగపు యూరప్‌లో కాళ్ళూ చేతులూ నల్లబడి ఊడిపోయిన ఎర్గాట్ జబ్బును ఇది అచ్చంగా పోలి ఉంది. అందుకే పరిశోధకులు ఫెస్క్యూ కంకుల్లో ఎర్గాట్ కోసం వెతికారు. ఎర్గాట్ ఫంగస్ పడితే గింజ ఉండాల్సిన చోట నల్లటి కొమ్ములాంటి ముద్ద బయటికే కనిపిస్తుంది. జబ్బు వచ్చిన బీళ్ళలో చాలాచోట్ల అలాంటిదేమీ లేదు. దాంతో మొక్కే స్వయంగా చేసుకునే పెర్లోలిన్ లాంటి ఆల్కలాయిడ్ల మీదికి అనుమానం మళ్ళింది. ఆ దారిలో ఏళ్ళు గడిచిపోయాయి.

ముడి విప్పింది జార్జియా రాష్ట్రంలోని మాన్స్‌ఫీల్డ్ దగ్గర ఒక పశువుల పొలం. 1970ల్లో అక్కడ ఒకే రైతుకు రెండు ఫెస్క్యూ బీళ్ళు ఉండేవి. ఒకదాంట్లో మేసిన పశువులు ఎప్పుడూ జబ్బుతో చిక్కిపోతుంటే, రెండోదాంట్లోవి బాగుండేవి. నేల ఒకటే, వాన ఒకటే, గడ్డి జాతీ ఒకటే. అదే రాష్ట్రంలోని ఏథెన్స్ పట్టణంలో ఉన్న వ్యవసాయ శాఖ పరిశోధనాకేంద్రం నుంచి జె.డి. రాబిన్స్, చార్లెస్ బేకన్ బృందం రెండు చోట్ల నుంచీ గడ్డి తెచ్చి మైక్రోస్కోప్ కింద పెట్టింది. జబ్బు బీట్లో చూసిన మొక్కలన్నిటిలో ఒక ఫంగస్ ఉంది. బాగున్న బీట్లో పదింట ఒక మొక్కలోనే ఉంది. 1977లో ఆ ఫలితం అచ్చయింది. ఖరీదైన యంత్రాలు వెతికి పెట్టనిదాన్ని, ఒక రైతు తన రెండు బీళ్ళ మధ్య గమనించిన తేడా పట్టించింది.

ఆ ఫంగస్‌ను చూసే పద్ధతి ఇప్పటికీ దాదాపు అదే. గడ్డి పిలకను మొదలు దగ్గర కోసి, ఆకు తొడుగు లోపలి వైపు నుంచి ఉల్లిపొర కంటే పలచని పొరను చిన్న పట్టకారుతో లాగుతారు. దాన్ని గాజు పలక మీద పరిచి నీలం రంగు చుక్క వేసి చూస్తే, ఇటుకల్లా వరసగా పేర్చిన మొక్క కణాలు కనిపిస్తాయి. ఆ వరసల మధ్య, గోడ పగుళ్ళలో పాకిన దారంలా, వంకర్లు తిరుగుతూ కొమ్మలు లేకుండా పొడుగ్గా సాగిన నీలి పోగులు ఉంటే ఫంగస్ ఉన్నట్టే. అది కణం లోపలికి చొరబడదు. మొక్కకు ఏ హానీ చేయదు. గాలిలో ఎగిరే బీజాలు వదలదు, పక్క మొక్కకు అంటదు. తల్లి మొక్క నుంచి గింజలోకి, గింజ నుంచి పిల్ల మొక్కలోకి, అంతే దాని ప్రయాణం. కాబట్టి ఒక బీట్లో ఫంగస్ ఎంత ఉందనేది చల్లిన విత్తనం మీదే ఆధారపడి ఉంటుంది. ఇలా మొక్క లోపలే బతికేదాన్ని ఎండోఫైట్ అంటారు. దీనికి శాస్త్రవేత్తలు పేర్లు చాలాసార్లు మార్చారు. ఇప్పుడు వాడేది ఎపిక్లోయే కోనోఫియాలా.

మాన్స్‌ఫీల్డ్ రైతు రెండో బీడు ఎందుకు బాగుందో అర్థం కావాలంటే ఇంకో చిన్న సంగతి తెలియాలి. గింజను వేడిగా, తేమగా ఉండే గోదాములో ఏడాదికి పైగా ఉంచితే లోపలి ఫంగస్ చచ్చిపోతుంది, గింజ మాత్రం మొలుస్తుంది. నిల్వ ఉన్న పాత విత్తనం చల్లిన చోట, ఎవరికీ తెలియకుండానే, ఫంగస్ లేని పచ్చిక వచ్చే అవకాశం ఉంది. కొత్త విత్తనమే మేలని తెచ్చి చల్లిన రైతులకు ఫంగస్ కూడా తాజాగా దిగింది.

విషం పేరు తేలడానికి ఇంకో దశాబ్దం దాకా పట్టింది. 1980ల మధ్యలో ఫెస్క్యూలో ఎర్గోవేలిన్ అనే ఆల్కలాయిడ్ ముఖ్యమైనదని తెలిసింది. అంటే మొదట్లో ఎర్గాట్‌ను అనుమానించినవాళ్ళు విషం కుటుంబాన్ని సరిగ్గానే ఊహించారు, వెతికిన చోటే తప్పు. ఈ కుటుంబంలోని రసాయనాలు మన ఆస్పత్రుల్లోనూ ఉన్నాయి. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగడానికి ఇచ్చే మిథైల్ ఎర్గోమెట్రిన్, మైగ్రేన్ తలనొప్పికి వాడే ఎర్గోటమిన్, తల్లిపాలు ఆపాల్సి వచ్చినప్పుడు వాడుతూ వచ్చిన బ్రోమోక్రిప్టిన్, మూడూ దీని చుట్టాలే. ఈ మూడు మందులు చేసే పనులను ఒకచోట పెట్టి చూస్తే ఫెస్క్యూ పశువుకు ఏం జరుగుతుందో సగం అర్థమవుతుంది. రక్తనాళాలు బిగుస్తాయి, పాలు తగ్గుతాయి.

ఎందుకలా? ఎర్గోవేలిన్ అణువులో ఒక భాగం శరీరం సొంతంగా వాడుకునే సంకేత రసాయనాలైన సెరోటోనిన్, డోపమిన్, నార్‌ఎడ్రినలిన్‌లను పోలి ఉంటుంది. తాళంలో దొంగ తాళంచెవి పట్టినట్టు ఇది ఆ సంకేతాలను అందుకునే కణాల గ్రాహకాల్లో ఇరుక్కుంటుంది, తొందరగా ఊడిరాదు. రక్తనాళాల గోడల్లో సెరోటోనిన్ గ్రాహకాలకు పట్టుకుంటే నాళం ముడుచుకుపోయి అలాగే ఉంటుంది. వేసవిలో పశువు ఒంటి వేడి బయటికి పోవాలంటే చర్మానికి రక్తం బాగా రావాలి. నాళాలు బిగిసిపోతే వేడి లోపలే నిలుస్తుంది. అందుకే చెరువు, అందుకే రొప్పు. ఎండ బాధతో మేత తగ్గిస్తుంది, మేత తగ్గితే బరువు తగ్గుతుంది. చలికాలంలో ఇదే బిగుతు ఇంకోలా తిప్పి కొడుతుంది. చలికి ఎలాగూ ముడుచుకునే నాళాలకు ఈ విషం తోడై, గుండెకు దూరంగా ఉండే డెక్కలకూ తోక కొనకూ రక్తం అందదు. అక్కడి కండ చచ్చిపోతుంది. రొప్పడమూ డెక్క ఊడటమూ వేర్వేరు జబ్బులని ఒకప్పుడు అనుకున్నారు. ఒకే బిగుతు రెండు రుతువుల్లో రెండు రకాలుగా కనిపించింది, అంతే తేడా.

మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి మీద ఈ విషం డోపమిన్‌లా నటిస్తుంది. డోపమిన్ పని ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను అణచి ఉంచడం. దాంతో రక్తంలో ప్రొలాక్టిన్ పడిపోతుంది. పాలకు ప్రొలాక్టిన్ ఎంత అవసరమో తెలిసిందే. వసంతంలో పగటి వెలుగు పెరిగేకొద్దీ పశువు చలికాలపు బొచ్చు రాల్చుకోవడంలోనూ దీనికి పాత్ర ఉంది. జూలైలో కూడా కంబళి కప్పుకున్నట్టు ఉండే ఆ కోడెల బొచ్చుకు జవాబు ఇక్కడుంది. ఆవులు సరిగా చూలు కట్టకపోవడం, దూడకు పాలు చాలక అది గిడసబారడం కూడా ఈ వరసలోనే వస్తాయి.

ఎంత విషం చాలు అంటే, కొలత వినడానికే చిన్నది. మేతలో వంద కోట్ల పాళ్ళకు కొన్ని వందల పాళ్ళ ఎర్గోవేలిన్ ఉంటే పశువులో లక్షణాలు మొదలవుతాయి. నష్టాన్ని అంచనా వేయడానికి అమెరికా వ్యవసాయ సలహాదారులు చెప్పే మోటు లెక్క ఒకటుంది. బీట్లో ఫంగస్ ఉన్న మొక్కలు 10 శాతం పెరిగితే, కోడె రోజువారీ బరువు పెరుగుదల సుమారు 45 గ్రాములు తగ్గుతుంది. 80 శాతం మొక్కల్లో ఫంగస్ ఉన్న బీట్లో రోజుకు 360 గ్రాములు పోయినట్టు. చనిపోయిన పశువును లెక్కపెట్టడం తేలిక; పెరగాల్సినంత పెరగని పశువును ఎవరూ లెక్కపెట్టరు. ఈ జబ్బులో అసలు నష్టం రెండోదే. 1993లో జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ హోవ్‌లాండ్ వేసిన అంచనా ప్రకారం అమెరికా మాంసపు పశువుల రంగానికి దీనివల్ల ఏటా 60.9 కోట్ల డాలర్ల నష్టం. అందులో డెక్కలు ఊడిన పశువుల వాటా కొంచెమే, మిగతాదంతా తగ్గిన బరువు, పుట్టని దూడలు.

గుర్రాల సంగతి ఇంకా దారుణం. బరువు, వేడి విషయంలో గుర్రం అంతగా ఇబ్బంది పడదు. చూలుతో ఉన్న ఆడ గుర్రం ఈ గడ్డి మేస్తే మాత్రం పదకొండు నెలలకు ఈనాల్సింది వారాల తరబడి ఆలస్యమవుతుంది. పిల్ల కడుపులో పెద్దదై ఈత కష్టమవుతుంది. మాయ దళసరిగా మారి, పిల్ల కంటే ముందే ఎర్రటి సంచిలా బయటికి వస్తుంది. పక్కన మనిషి ఉండి వెంటనే కోసి తీయకపోతే పిల్లకు ఊపిరి అందదు. ఒకవేళ పిల్ల బతికి లేచి నిలబడి పొదుగు దగ్గరికి పోతే, అక్కడ పాలు ఉండవు. జున్నుపాలే లేకపోతే ఆ పిల్లకు రోగాలను తట్టుకునే శక్తి ఎక్కడినుంచి రావాలి? నెలలు నిండిన తల్లి పొదుగు ఆఖరి రోజుల్లోనూ చదునుగా ఉందంటే గుర్రాల పెంపకందారుకు మొదలయ్యే టెన్షన్ మాటల్లో చెప్పలేనిది. దీనికి దొరికిన మందు మన ఇళ్ళలో వాంతులకు వేసుకునే డోంపెరిడోన్. అది డోపమిన్ గ్రాహకాన్ని మూసేస్తుంది కాబట్టి విషం నటనకు అడ్డుకట్ట పడుతుంది. అంతకంటే మంచి మందు, చూలు చివరి రెండు మూడు నెలలు ఆ బీట్లోకి తోలకపోవడం.

కారణం తెలిశాక చేయాల్సింది తేలిగ్గానే అనిపించింది. ఫంగస్ లేని విత్తనం చల్లితే సరి. 1980ల్లో అలాంటి రకాలు వచ్చాయి. రైతులు పాత బీళ్ళు దున్ని, కొత్త విత్తనం చల్లారు. మొదటి ఏడాది కోడెలు బాగా బలిశాయి. తర్వాత ఎండలు వచ్చాయి, వానలు ముఖం చాటేశాయి, పశువులు గడ్డిని నేలదాకా కొరికాయి. ఫంగస్ లేని గడ్డి దుబ్బులు పలచబడి, చాలా చోట్ల రెండు మూడేళ్ళకే మాయమయ్యాయి. అప్పుడు గానీ అందరికీ తెలియలేదు, కెంటకీ 31 మొండితనంలో పెద్ద వాటా ఆ ఫంగస్‌దేనని. మెనిఫీ కొండవాలు మీద ఫెర్గస్ మెచ్చుకున్న ఆ పచ్చదనం ఒక్క గడ్డిది కాదు, గడ్డీ ఫంగస్ కలిసి చేసిన కాపురానిది. మొక్క దానికి చక్కెర, చోటు ఇస్తుంది. ఫంగస్ లోలైన్లు, పెరమిన్ అనే రసాయనాలు చేసి పురుగుల్ని తరుముతుంది, వేర్లలో నులిపురుగుల్ని తగ్గిస్తుంది, కరువును ఓర్చుకోవడానికి తోడ్పడుతుంది. దున్నిన ఆ రైతుల డబ్బూ శ్రమా పోయిన తీరు చూస్తే బాధ కలుగుతుంది. వాళ్ళకిచ్చిన సలహా శాస్త్రపరంగా అబద్ధం కాదు, అర్ధసత్యం.

ఇదే సమయంలో భూగోళానికి ఆ చివర న్యూజిలాండ్ గొర్రెల రైతులు ఇలాంటి మరో ముడితో తంటాలు పడుతున్నారు. అక్కడి గడ్డి పెరెన్నియల్ రైగ్రాస్. వేసవి చివర్లో ఆ బీట్లో మేసే గొర్రెలు చూడటానికి మామూలుగానే ఉంటాయి. కుక్క తరిమితేనో, మనిషి అదిలిస్తేనో తల వణకడం మొదలవుతుంది. కాళ్ళు కర్రల్లా బిగుసుకుని నాలుగడుగులు తూలి పక్కకు పడిపోతాయి. కాసేపు వదిలేస్తే లేచి మళ్ళీ మేస్తాయి. విషం నేరుగా చంపడం తక్కువ. తూలుతూ వాగులోనో గుంటలోనో పడి చనిపోయేవే ఎక్కువ. 1981లో ఈ తూలుడు జబ్బుకూ రైగ్రాస్‌లోని ఎండోఫైట్‌కూ సంబంధం తేలింది. దోషి లోలిట్రెమ్ బి అనే మరో రకం ఆల్కలాయిడ్. ఇది నరాల మీద పనిచేస్తుంది. అక్కడ కూడా ఫంగస్ లేని గడ్డి వేసి చూస్తే అర్జెంటీనా కాండపు ముక్కుపురుగు పిలకలను తొలిచేసింది.

రెండు చోట్లా ఒకే పాఠం ఎదురైంది కాబట్టి దారి కూడా ఒకటే తట్టింది. ప్రకృతిలో ఈ ఫంగస్‌లు అన్నీ ఒకేలా ఉండవు. కొన్ని రకాలు పురుగుల్ని తరిమే రసాయనం చేస్తాయి, పశువును బాధపెట్టేది చేయవు. అలాంటివాటిని వేర్వేరు దేశాల గడ్డి మొక్కల్లో వెతికి, ఫంగస్ లేని లేత మొలకలోకి సన్నని సూదితో ఎక్కించి, ఆ మొక్క గింజల్లోకి దిగేలా చేశారు. న్యూజిలాండ్‌లో ఏఆర్1 అనే ఫంగస్ ఉన్న రైగ్రాస్ 2001లో రైతులకు అందింది, ఆ ఫంగస్ లోలిట్రెమ్ బి చేయదు. ఫెస్క్యూ విషయంలో న్యూజిలాండ్ శాస్త్రవేత్తలతో కలిసి జార్జియా విశ్వవిద్యాలయంలో జో బౌటన్ ‘జెసప్’ రకంలో ఏఆర్542 అనే ఫంగస్‌ను నిలబెట్టారు. 2000 నుంచి అది మ్యాక్స్‌క్యూ పేరుతో అమ్మకంలో ఉంది. కాపలాదారును ఉంచుకుని, చేతిలోని విషం మాత్రం తీసేయడం అన్నమాట. ఇది జన్యుమార్పిడి కాదు, ఉన్నవాటిలో మంచిదాన్ని ఏరుకోవడమే. పశుగ్రాస పరిశోధనలో ఇంత తెలివైన పరిష్కారాలు తక్కువే.

మరి ఇన్నేళ్ళయినా పాత కెంటకీ 31 ఎందుకు అలాగే ఉంది? ఎందుకంటే బీడు మార్చడం చొక్కా మార్చినంత తేలిక కాదు. పాత గడ్డిని మందు కొట్టి చంపాలి. మధ్యలో వేరే మేతపంట వేసి, మొలకెత్తిన పాత గింజల్ని మళ్ళీ చంపాలి. అప్పుడు కొత్త విత్తనం వేసి, అది వేరు పట్టేదాకా పశువుల్ని తోలకూడదు. ఎకరాకు వందల డాలర్ల ఖర్చు, నెలల తరబడి మేత లేదు. ట్రాక్టర్ ఎక్కని వాలు నేలలున్నాయి, కౌలు భూములున్నాయి. పాత బీట్లో మేసిన పశువు పేడలో కూడా గింజలు బతికి వస్తాయి. రెండు మూడు రోజులు వేరే మేత మీద ఉంచకుండా నేరుగా తోలితే కొత్త బీట్లో పాత ఫంగస్ మళ్ళీ మొలుస్తుంది. ఇన్ని తెలిసి కూడా ఆగిపోయిన చిన్న రైతును తప్పుపట్టలేం. కనిపించని నష్టాన్ని ఆపడానికి కనిపించే డబ్బు జేబులోంచి తీయాలి మరి.

అందుకే చాలామంది విషాన్ని పలచన చేసుకుంటూ నెట్టుకొస్తున్నారు. ఎర్గోవేలిన్ కంకుల్లో ఆకులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కంకి రాకముందే కోసేస్తే సగం గండం గడుస్తుంది. నేలకు దగ్గరగా ఉండే ఆకు తొడుగుల్లోనూ ఎక్కువే ఉంటుంది, కాబట్టి పశువును మరీ కిందిదాకా కొరకనివ్వరు. నత్రజని ఎరువు దండిగా వేస్తే విషమూ పెరుగుతుంది. ఎండబెట్టిన గడ్డిలో కొంత తగ్గుతుంది. సైలేజ్ చేస్తే, అంటే గాలి తగలకుండా పులియబెడితే, అంతగా తగ్గదు. శరదృతువులో పెంచి ఉంచిన గడ్డిని చలికాలం నడిమి దాకా ఆగి మేపితే చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. ఫెస్క్యూ మధ్యలో క్లోవర్ అనే పప్పుజాతి మేతమొక్క చల్లడం పాత చిట్కా. దాంతో విషం పలచబడుతుందని మాత్రమే అనుకునేవారు. రెడ్ క్లోవర్‌లోని ఐసోఫ్లేవోన్లనే రసాయనాలు బిగిసిన రక్తనాళాలను స్వయంగా సడలిస్తాయని లెక్సింగ్టన్‌లోని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఈమధ్య చూపించారు.

తెలుగువారికి ఆసక్తి కలిగించే మరో దారీ ఉంది. వేడిని తట్టుకునే బ్రాహ్మన్ పశువుల రక్తం కలిసిన ఆవులు ఈ గడ్డి మీద, ముఖ్యంగా వేసవిలో, ఆంగస్ కంటే మెరుగ్గా నిలుస్తాయని ఆర్కన్సాలో జరిగిన పరిశోధనల్లో తేలింది. అమెరికా బ్రాహ్మన్ జాతి మన దేశపు జాతుల నుంచి తయారైనదే, అందులో నెల్లూరు పేరుతో వెళ్ళిన మన ఒంగోలు గిత్తల వాటా ఉంది. విషాన్ని ఆ రక్తం విరిచేయదు. చర్మం నుంచి వేడిని వదిలించుకునే నేర్పు పుట్టుకతో ఉండటం వల్ల దెబ్బ తక్కువగా తగులుతుంది.

అట్లాంటాలోనో షార్లెట్‌లోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల పచ్చిక కూడా చాలాసార్లు ఈ ఫెస్క్యూయే. లాన్ కోసం అమ్మే విత్తనంలో ఎండోఫైట్ ఉండటాన్ని గొప్పగా చెప్పుకుంటారు, పురుగు పట్టదు కాబట్టి. లాన్‌కు అది మంచిదే. కోసిన గడ్డిని పక్కవాళ్ళ గుర్రానికో మేకకో వేయకూడదు, అంతే. విషం గడ్డితో పాటు ప్రయాణం చేస్తుందని జపాన్ రైతులకు ఇంకా బాగా తెలుసు. ఆరెగాన్ రాష్ట్రంలో లాన్ విత్తనం తీసేశాక మిగిలే ఎండుగడ్డి ఓడల్లో జపాన్, కొరియా వెళ్తుంది. అది మేసిన జపాన్ నల్ల పశువులు జబ్బుపడ్డాక, ఇప్పుడు ఎగుమతికి ముందే ఆ గడ్డిలో ఆల్కలాయిడ్లు పరీక్షిస్తున్నారు.

ఆంధ్ర, తెలంగాణ మైదానాల వేడికి ఫెస్క్యూ నిలవదు. ఇక్కడ సూపర్ నేపియర్, గినీ గడ్డి, పారా గడ్డి వేస్తారు. ఆ ఆల్కలాయిడ్ల కుటుంబం మాత్రం మనకు పరాయిది కాదు. సజ్జకు పూత దశలో వచ్చే తేనెబంక తెగులు ఎర్గాటే. కంకి నుంచి తేనెలాంటి జిగురు కారుతుంది, తర్వాత గింజల మధ్య ముదురు రంగు ముద్దలు తయారవుతాయి. 1975లో రాజస్థాన్‌లో అలాంటి సజ్జలు తిన్న పల్లెల్లో వాంతులు, తల తిరగడం, ఆగని మగత వచ్చాయి. దాన్ని అధ్యయనం చేసినవాళ్ళు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. సజ్జ ఎర్గాట్‌లోని ఆల్కలాయిడ్లు రై ఎర్గాట్‌వి కావు, క్లావైన్లనే వేరే వర్గం. అందుకే వేళ్ళు నల్లబడి ఊడిపోలేదు. విత్తే ముందు సజ్జ గింజల్ని చిక్కటి ఉప్పునీళ్ళలో పోసి పైకి తేలినవాటిని తీసిపారేయడం మన రైతులకు తెలిసిన పద్ధతే. బరువు తక్కువైన ఎర్గాట్ ముద్దలు తేలిపోతాయి. జొన్నకూ ఇలాంటి తెగులు ఉంది. 1996లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జొన్న ఎర్గాట్ బయటపడ్డాక, ఆ జొన్న తిన్న పందులకూ ఆవులకూ పాలు తగ్గిపోయాయి. ప్రొలాక్టిన్ కథే మళ్ళీ.

2024 అక్టోబర్ చివరిలో మధ్యప్రదేశ్ బాంధవ్‌గఢ్ పులుల అభయారణ్యంలో పది ఏనుగులు మూడు రోజుల్లో చనిపోయాయి. అవి మేసింది అరికెల చేను. పరీక్షల్లో సైక్లోపియాజోనిక్ ఆమ్లం దొరికింది. పేరులో ఆమ్లం ఉన్నా ఇది కూడా ఫంగస్ చేసే ఇండోల్ ఆల్కలాయిడే. తడిసిన అరికెలు మత్తెక్కిస్తాయని వాటిని పండించే పల్లెల్లో తరతరాలుగా తెలుసు.

ఇక మన గేదెల విషయం. పంజాబ్ ప్రాంతంలో దేగ్‌నాలా అనే జబ్బు ఉంది. నేటి పాకిస్తాన్‌లోని దేగ్ అనే వాగు పేరు మీద వచ్చిన పేరు అది. చలికాలంలో బూజుపట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు కాళ్ళు వాచి, చెవి కొనలు, తోక, గిట్టలు ఎండి నల్లబడి ఊడిపోతాయి. చూడటానికి అచ్చం ఫెస్క్యూ ఫుట్. ఇక్కడ అనుమానం ఎండోఫైట్ మీద కాదు, కోత తర్వాత తడిసిన గడ్డి మీద పెరిగే ఫ్యుజేరియం బూజుల విషాల మీద. అంటే ఇది నిల్వలో వచ్చే చిక్కు, రైతు చేతిలో ఉన్న చిక్కు. కోతల వేళకు తుపాను వచ్చి పనలు నీళ్ళలో నానే కోస్తా జిల్లాలకు ఈ సంగతి దూరం కాదు. వాము పైపొర ఎండకు ఆరి బంగారు రంగులో బాగానే ఉంటుంది. చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి ఒక గుప్పెడు గడ్డి లాగి చూడాలి. అది వెచ్చగా, నల్లటి చుక్కలతో, ముక్కిన వాసనతో వస్తే ఆ భాగాన్ని గేదెకు వేయకుండా పెంటకుప్పకు చేర్చాలి. ఇప్పటికే వేసి ఉంటే, రోజూ పాలు పితికేటప్పుడు తోక కొనను, చెవి అంచును ఒకసారి చేత్తో తాకి చూడాలి. చల్లగా తగిలితే మేత ఆపి, ఆ రోజే పశువుల డాక్టరుకు కబురు పెట్టాలి.